హగరి ఇసుకకు అడ్డుకట్ట ఏది?

సముద్రపు కోత అంటే ఏమిటో కోస్తా జనానికి తెలుసు. కాకినాడ దగ్గర ఉప్పాడలో అలలు ఇళ్ళను, రోడ్డును మింగాయి. అడ్డంగా రాళ్ళు పోశారు, జియో ట్యూబులు వేశారు. అలలు వాటినీ చెదరగొట్టాయి. అనంతపురం జిల్లాకు సముద్రం లేదు. అయినా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల పేద రైతుకు యిలాంటి దాడే వుంది. ఇక్కడ మీదికొచ్చేది నీళ్ళు కాదు, ఇసుక.

వేదవతి నదిని ఇక్కడ హగరి అంటారు. ఎగువన కర్ణాటకలో 1907లో వాణీవిలాస సాగరం కట్టారు. అది 1933లో నిండి పొర్లాక మళ్ళీ పొర్లింది 2022 సెప్టెంబరులోనే. మన వైపు గుమ్మగట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు వుంది. కింద నది ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిన ఇసుక మేటే. ఆషాఢమాసపు నైరుతి గాలి లేచిందంటే ఆ ఇసుక గట్టు దాటి చేలలో పడుతుంది. దర్గా హొన్నూరు పొలాల్లో ఇసుక దిబ్బలే లేచాయి.

ఇది నిన్న మొన్నటి ముచ్చట కాదు. 1953 దాకా రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలో వుండేది. ఆ జిల్లాను ఏలిన తెల్లదొరల కాలంలోనే హగరి ఇసుక పొలాలను కప్పేస్తున్నదని రాసిపెట్టారు.

ఇసుక పడితే అందరికీ ఒకటే నష్టమా? కాదు. పదెకరాల ఆసామి ట్రాక్టరు పెట్టి ఎత్తిపోయిస్తాడు. రెండెకరాల రైతు శెనక్కాయ విత్తనం మీదే అప్పు తెచ్చినవాడు, ఇసుక ఎత్తే డబ్బు ఎక్కడ తెస్తాడు? చేను బీడు పెడతాడు. చేను బీడైతే కలుపు లేదు, కాయ వలిచే పని లేదు. కూలి తల్లి పిల్లాజెల్లా వెంటేసుకుని బళ్ళారికో బెంగుళూరుకో బస్సెక్కాల్సిందే. అందుకే ఇది రైతు సమస్య మాత్రమే కాదు, కూలీల సమస్య కూడ.

దీనికి మందు లేదా? వుంది. గాలికి కొట్టుకొచ్చే ఇసుకలో ఎక్కువ భాగం నేలకు మూరెడు ఎత్తులోపే దొర్లుతూ, ఎగురుతూ వస్తుంది. నది గట్టున రెల్లు, కిత్తనార, కంప వరసలు వేస్తే అది అక్కడే ఆగుతుంది. వాటి వెనక గాలికి అడ్డంగా కానుగ, సరుగుడు లాంటి చెట్లు బారులు తీరితే, చెట్టు ఎత్తుకు పదింతల దూరం దాకా చేనుకు కాపు.

అయితే నాటడంతో పని తీరదు. చెట్ల బారులో ఒక్క కంత పడితే గాలి అక్కడే దూరి మరింత జోరుగా కొడుతుంది. సముద్రపు గోడకైనా, చెరువు కట్టకైనా, చెట్ల బారుకైనా ధర్మం ఒక్కటే: ఏటా మరమ్మతు లేకపోతే అది అడ్డుకట్ట కాదు. నీళ్ళు పోయని మొక్కకు పెట్టిన ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే.

మరి సర్కారు పథకాలు? 1977-78లో ఎడారి అభివృద్ధి పథకం మొదలైంది. తర్వాత అనంతపురాన్నీ అందులో చేర్చారు. 2009లో దాన్ని వాటర్‌షెడ్ పథకంలో కలిపేశారు. ఉపాధి హామీ పథకమైతే 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమయింది. పథకాల పేర్లు మారతాయి, గాలి మారదు. మొక్క నాటిన రోజు కూలీ లెక్కలో వుంటుంది. మూడు వేసవులు దాన్ని బతికించే మనిషి కూలీ కూడ లెక్కలో వుండాలి గదా!

“కూలీలే చెట్లు నరుకుతున్నారు” అనే మాట వినిపిస్తుంటుంది. పొయ్యిలోకి పుల్ల లేనివాడికి నీతులు చెబితే ఏం లాభం? ఆ బారులో రాలిన కంప, గడ్డి, కాయ కాపాడేవాళ్ళకే చెందాలి. అప్పుడు ఎవడు గొడ్డలి ఎత్తినా వూరే అడ్డుపడుతుంది.

అందుకని మేము చెప్పేది యిది. హగరి గట్టు పొడవునా తెంపు లేకుండా చెట్ల బారు పెంచాలి. ప్రతి వూరిలో భూమిలేని కుటుంబాలకే దాని కాపలా, నీరు, పూడ్పు పని ఏడాది పొడవునా కూలితో ఇవ్వాలి. దాని ఫలసాయం మీద వారికి పట్టా ఇవ్వాలి. ఇసుక పడ్డ సన్నకారు రైతుల పొలాలను ఉపాధి పనుల కింద బాగుచెయ్యాలి.

ఆషాఢం గాలి అర్జీ పెట్టి రాదు. అది రాకముందే గ్రామసభల్లో ఈ కోర్కెలు రాయించి, పట్టుబట్టి సాధించుకోవడం మన పని.