కిన్నెర నాదం - అంకెల రూపం

ఉద్దేశం: పాట, వాద్యధ్వని కంప్యూటరులో అంకెలుగా మారి నిలిచే తీరును, సౌండ్ కార్డుకు గల వివిధ ద్వారాల పనిని తెలియజేస్తూ, ప్రాంతీయ కళాసంపదను పదిలపరచడంలో ఆ జ్ఞానం ఎంత అవసరమో విద్యార్థులకు బోధపరచడం ఈ పాఠం ఉద్దేశం.

నల్లగొండ, పాలమూరు సీమలు వానకు ముఖం వాచిన మెట్టనేలలే గాని పాటకు ఏనాడూ కరవెరుగనివి. డప్పు, ఒగ్గుడోలు, కిన్నెర, బుర్రవీణ ఈ నేలపై తరతరాలుగా కథలు చెప్పాయి. నేటి నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ పండుగ సాయన్న వంటి వీరుల గాథలు పాడి 2022లో పద్మశ్రీ పురస్కారం పొందారు. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో అదే గౌరవం దక్కింది. ఈ రెండు ప్రాంతాలూ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనివే.

ఈ కళలలో చాలా భాగం గ్రంథస్థం కాలేదు. గురువు నోట విని శిష్యుడు నేర్చినవే. పాట మాటలను కాగితంపై వ్రాయవచ్చును. కాని గొంతులోని జీరను, మెట్లపై వేలు కదిలే సొగసును, కథకుడు ఆగి ఊపిరి తీసుకొనే క్షణాన్ని ఏ లిపి వ్రాయగలదు? వాటిని పట్టి ఉంచగలిగినది ధ్వనిముద్రణ ఒక్కటే.

మన దేశంలో వాణిజ్యపరమైన ధ్వనిముద్రణ 1902లో కలకత్తాలో మొదలైంది. 1963లో వెలువడిన క్యాసెట్టు క్రమంగా పాటను పల్లెకు చేర్చింది. జాతరలలో, పెండ్లిళ్ళలో, కథాగానాలలో ఎందరో తమకు నచ్చిన పాటలను క్యాసెట్లలో నింపుకొన్నారు. అయితే క్యాసెట్టు చిరంజీవి కాదు. టేపుపై పూసిన అయస్కాంత పదార్థం ఎండకు, తేమకు, బూజుకు చెడిపోతుంది. దానిని వినిపించే యంత్రాలూ అరుదైపోయాయి. పాడిన గాయకుడు గతించి, నేర్చిన శిష్యుడు లేనప్పుడు ఆ పాటకు మిగిలిన సాక్షి ఆ ఒక్క టేపే. దానిని కంప్యూటరులోకి సక్రమంగా మార్చుకోవాలంటే కొంత శాస్త్రజ్ఞానం కావాలి.

ధ్వని అంకెలుగా మారే విధం

తంత్రిని మీటినప్పుడు గాలి కంపిస్తుంది. ఆ కంపనాన్ని మైకు విద్యుత్తుగా మారుస్తుంది. గాలిలోని అల ఎట్లు లేచి పడుతుందో విద్యుత్తు కూడా అట్లే లేచి పడుతుంది. దీనిని అనలాగ్ సంకేతం అంటారు. కంప్యూటరుకు అల తెలియదు, అంకె మాత్రమే తెలుసు. కనుక ఆ అల ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాసుకోవాలి.

ఎన్నిసార్లు కొలవాలి? మానవుని చెవి సెకనుకు ఇరవై మొదలు ఇరవై వేల కంపనాల వరకు వినగలదు. ఒక కంపనాన్ని సరిగా తెలుసుకోవాలంటే దాని వేగానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలని నైక్విస్ట్, షానన్ అనే శాస్త్రవేత్తల పరిశోధనలు తెలిపాయి. అందువల్లనే 1982లో విపణిలోకి వచ్చిన సి.డి.లో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. ఒక్కొక్క కొలత 16 బిట్లు. అంటే అల ఎత్తును 65,536 అంతస్తులుగా విభజించి చూపవచ్చు. 24 బిట్లు వాడితే అంతస్తులు కోటీ అరవైయేడు లక్షలు దాటుతాయి. అంతస్తులు పెరిగినకొద్దీ అతి మెల్లని ధ్వని కూడా స్పష్టంగా నిలుస్తుంది.

సౌండ్ కార్డు - దాని ద్వారాలు

అలను అంకెగా, అంకెను తిరిగి అలగా మార్చే పరికరమే సౌండ్ కార్డు. సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో విడుదల చేసిన ‘సౌండ్ బ్లాస్టర్’ దీనికి ఎంతో ప్రాచుర్యం తెచ్చింది. తరువాతి కాలంలో ఈ కార్డు చేసే పని కంప్యూటరు మదర్‌బోర్డులోనే ఇమిడిపోయింది.

మేజాపై ఉంచే కంప్యూటరు వెనుక సాధారణంగా మూడు రంగుల రంధ్రాలు కనిపిస్తాయి. గులాబి రంగుది మైకుకు, లేత నీలం రంగుది ‘లైన్ ఇన్’కు, లేత ఆకుపచ్చ రంగుది స్పీకర్లకు ఉద్దేశించినవి. మూడూ ఒకే కొలతలో ఉంటాయి కనుక ఏ తీగెను ఎందులోనైనా దూర్చవచ్చును. చిక్కంతా ఇక్కడే ఉంది.

మైకు నుండి వచ్చే విద్యుత్తు వోల్టులో కొన్ని వేలవ వంతులు మాత్రమే. అందుచేత గులాబి ద్వారం వెనుక దానిని అనేక రెట్లు పెంచే ఏర్పాటు ఉంటుంది. క్యాసెట్టు యంత్రం లైన్ అవుట్ నుండి వచ్చేది సుమారు వోల్టులో మూడవ వంతు. దానిని గులాబి ద్వారంలో కలిపితే, ఇదివరకే బలంగా ఉన్న సంకేతం మరింత పెరిగి కొలతకు అందని ఎత్తుకు పోతుంది. అప్పుడు అల శిఖరాలు కోసినట్లుగా తెగిపోతాయి. డప్పు దరువు పగిలిన రేకు చప్పుడుగా వినిపిస్తుంది. అట్లు తెగిన భాగాన్ని ఆ తరువాత యథాతథంగా అతికించడం సాధ్యం కాదు. కనుక క్యాసెట్టు యంత్రాన్ని నీలి ద్వారానికే కలపాలి. కథలోని అన్నిటికంటె పెద్ద ధ్వనిని ముందుగా ఒకసారి విని, దానికి కూడా కొంత ఖాళీ మిగిలేటట్లు స్థాయిని నిర్ణయించుకోవాలి. ల్యాప్‌టాపులలో చాలావాటికి నీలి ద్వారం ఉండదు. అప్పుడు యు.ఎస్.బి. ద్వారా కలిపే ప్రత్యేక పరికరం వాడుకోవాలి.

డిజిటల్ ద్వారాలు

కొన్ని కార్డులలో పై మూడింటితోపాటు ‘ఎస్‌పిడిఫ్’ అనే ద్వారం కూడా ఉంటుంది. సోనీ, ఫిలిప్స్ సంస్థలు రూపొందించిన ఈ పద్ధతిలో అల కాక అంకెలే తీగె వెంట ప్రయాణిస్తాయి. ఇది రెండు విధాలు. ఒకటి కోయాక్సియల్. ఇందులో 75 ఓముల రాగి తీగె వాడతారు. రెండవది ఆప్టికల్. 1983లో తోషిబా సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో ఎర్రని కాంతి సన్నని పారదర్శక తంతువు గుండా మినుకుమినుకుమంటూ అంకెలను చేరవేస్తుంది.

వీటివల్ల ప్రయోజనమేమి? కంప్యూటరు లోపల పంకా, విద్యుత్ సరఫరా భాగాలు నిరంతరం అలజడి పుట్టిస్తుంటాయి. అనలాగ్ తీగెలో ఆ అలజడి పాటతో కలిసిపోతుంది. అంకెలు పంపినప్పుడు, అవి సరిగా చేరినంతవరకు, అలజడి వాటి విలువను మార్చలేదు. రెండు యంత్రాలు వేర్వేరు చోట్ల భూమికి కలిసి ఉన్నప్పుడు ‘హుమ్’మనే హోరు వినిపించడం కద్దు. ఆప్టికల్ తంతువులో విద్యుత్ సంబంధమే లేదు కనుక ఆ తంతువు గుండా ఈ హోరు చేరదు. అయితే పంపే యంత్రం, అందుకొనే యంత్రం ఒకే లయలో నడవాలి. లయ తప్పితే పాట మధ్యలో చిటపటలు వస్తాయి.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకోవాలి. డిజిటల్ తీగె ఉన్నంత మాత్రాన పాత క్యాసెట్టు స్వచ్ఛం కాదు. క్యాసెట్టులో ఉన్నది అనలాగ్ ధ్వని. అది అంకెగా మారకముందు కలిసిన హోరు అంకెతోపాటే వస్తుంది. బావి వద్దనే నీటిలో కలిసిన బురదను కాలువ ఎంత శుభ్రంగా ఉన్నా తొలగించలేదు గదా! కనుక అంకెగా మారే మొదటి మెట్టులోనే జాగ్రత్త వహించాలి.

పదిలపరచే పద్ధతి

ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం భద్రపరచవలసిన ధ్వనికి కనీసం సెకనుకు 48,000 కొలతలు, 24 బిట్లు ఉండాలని సూచించింది. ఈ లెక్కన రెండు చానెళ్ళలో ఒక గంట కథాగానానికి దాదాపు 104 కోట్ల బైట్లు అవసరం. అదే గంట పాట సాధారణమైన 128 కిలోబిట్ల ఎం.పి.3 రూపంలో ఆరు కోట్ల బైట్లలోపే ఇముడుతుంది. ఎం.పి.3 చెవి గుర్తించదనుకొన్న అంశాలను విడిచిపెట్టి చోటు ఆదా చేస్తుంది. వినడానికి అది చాలును. భద్రపరచడానికి మాత్రం ఏదీ విడువని వేవ్ రూపమే తగినది. అటువంటి ప్రతులను రెండు మూడు వేర్వేరు చోట్ల దాచాలి.

ధ్వనితోపాటు వివరాలు కూడా ముఖ్యమే. గాయకుని పేరు, ఊరు, వాద్యం, తేదీ, సందర్భం వ్రాసి ఉంచాలి. గాయకుని అనుమతి లేనిదే ఆ పాటను ఇతరులకు పంచరాదు. పేరు లేని పాట చిరునామా లేని ఉత్తరం వంటిది.

మన ఇండ్లలో మూలబడిన పెట్టెలలో ఏ తాత చెప్పిన కథ, ఏ అవ్వ పాడిన బతుకమ్మ పాట ఉన్నదో ఎవరికి తెలుసు? టేపు నానాటికీ శిథిలమవుతున్నది. ఏ తీగెను ఏ ద్వారంలో కలపాలో తెలిసిన విద్యార్థి తన ఊరి గొంతును రాబోయే తరానికి అందించగలడు. ఆ చిన్న జ్ఞానం లేనిచోట పాట రెండవసారి, శాశ్వతంగా మూగబోతుంది.

ప్రశ్నలు

1. ధ్వని అంకెలుగా మారే విధాన్ని వివరించండి.
2. క్యాసెట్టు యంత్రాన్ని మైకు ద్వారానికి కలిపితే కలిగే నష్టమేమి?
3. ‘డిజిటల్ తీగె ఉన్నంత మాత్రాన పాత క్యాసెట్టు స్వచ్ఛం కాదు’ - సమర్థించండి.
4. మీ ప్రాంతంలోని ఒక జానపద కళారూపాన్ని పదిలపరచడానికి మీరు పాటించే పద్ధతిని వ్రాయండి.