పులసా? విలసా?

సూరత్‌లో గోడాదరా వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వానాకాలం వచ్చిందంటే, గోదావరి జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ల ఇళ్లలో పులస మాట ఒక్కసారైనా రాకుండా ఉండదు. ఇక్కడి గుజరాతీలు దాన్ని పాల్వా అంటారు. బెంగాలీలు ఇలిష్ అంటారు, సింధీలు పల్లో అంటారు. అన్నీ ఒకే చేప పేర్లు. శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలిషా. మన గోదావరి వాళ్లు మాత్రం ఒక్క పేరుతో సరిపెట్టుకోరు. సముద్రంలో పడితే విలస, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పడితే పులస. ధర దగ్గర రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. మరి చేప ఒంట్లో నిజంగా తేడా ఉందా, లేక ఇది అమ్మేవాళ్ల మాటేనా?

తేడా ఉంది. ముందుగా కంటికి కనిపించనిది చూద్దాం.

తొమ్మిదో తరగతిలో ఆస్మాసిస్ చదివాం కదా. కిస్‌మిస్‌లను మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతాయి, చిక్కటి పంచదార నీళ్లలో వేస్తే ముడుచుకుపోతాయి. చేపకూ ఇదే చిక్కు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. చేప రక్తంలో ఉండేది అందులో మూడో వంతే. అందుకే సముద్రంలో ఉన్నంతకాలం దాని ఒంట్లోంచి నీరు బయటికి పోతూనే ఉంటుంది. చుట్టూ నీళ్లున్నా దానికి దాహమే! సముద్రపు నీటినే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి నెట్టేస్తుంది. నదిలోకి రాగానే కథ తిరగబడుతుంది. ఇప్పుడు నీరు లోపలికి చొరబడుతుంది. చేప తాగడం దాదాపు మానేస్తుంది, మూత్రపిండాలు పల్చటి మూత్రాన్ని ఎక్కువగా పంపిస్తాయి, ఉప్పును బయటికి నెట్టిన మొప్పలే ఇప్పుడు నీటిలో ఉన్న కాస్త ఉప్పునూ లోపలికి లాగుతాయి. ఈ మార్పు ఒక్క గంటలో జరిగేది కాదు. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే మొగ దగ్గర చేప మెల్లగా సర్దుకుంటుంది.

ఇక కంటికి కనిపించేది. నదిలోకి వచ్చేది గుడ్లు పెట్టడానికి. ఒక ఆడచేప లక్షల్లో గుడ్లు మోస్తుంది, కాబట్టి పొట్ట నిండుగా ఉంటుంది. ఎదురీదేటప్పుడు తిండి తగ్గించి, సముద్రంలో దాచుకున్న కొవ్వును ఖర్చు చేస్తుంది. సముద్రపు చేప కాస్త ఎర్రగా ఉంటుందనీ, నదిలోకి వచ్చాక వెండిలా మెరుస్తుందనీ జాలర్లు గుర్తు చెబుతారు. నన్నడిగితే రంగును నమ్మి డబ్బు పెట్టడం కష్టమే. వేరే రాష్ట్రాల ఇలిషా కూడా పులస పేరుతో అమ్ముడవుతుంది మరి.

అసలైన సాక్ష్యం చేప చెవిలో ఉంటుంది. అక్కడ ఒక చిన్న రాయి పొరలు పొరలుగా పెరుగుతుంది. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం ఎక్కువ, నదుల్లో సాధారణంగా తక్కువ. ఏ పొరలో అది ఎంత ఉందో కొలిస్తే ఆ చేప ఏ వయసులో ఏ నీటిలో గడిపిందో తెలుస్తుంది. మన నాన్నల సర్వీస్ బుక్ లాంటిదన్నమాట, ప్రతి పోస్టింగూ నమోదై ఉంటుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే చేప తన జీవితకాలంలో పొందే మార్పులు. ఈ ఏటి పులస మళ్లీ సముద్రానికి చేరితే విలసే. దాని పొట్ట అంచున రంపపు పళ్లలా 30 నుంచి 33 గట్టి పొలుసులు ఉంటాయి. ఏ నీటిలో ఉన్నా ఆ లెక్క మారదు.

అలాంటి లెక్కలే మారాలంటే తరాలు గడవాలి. స్టికిల్‌బ్యాక్ అనే వేలెడంత చేపలో అది జరిగింది. సముద్రంలో ఉండే స్టికిల్‌బ్యాక్‌కు ఒక్కో పక్క 30కి పైగా ఎముక పలకల కవచం ఉంటుంది. సరస్సుల్లో స్థిరపడిన వాటికి కొన్ని పలకలే మిగిలాయి. అలాస్కాలోని లోబర్గ్ సరస్సులో 1982లో మందు వేసి చేపలన్నింటినీ చంపేశారు. తర్వాత సముద్రపు స్టికిల్‌బ్యాక్‌లు తమంతట తామే అందులోకి చేరాయి. 1990లో చూస్తే దాదాపు అన్నిటికీ పూర్తి కవచం ఉంది. 2001 నాటికి నాలుగింట మూడు వంతుల చేపలకు కవచం తగ్గిపోయింది. పదకొండేళ్లే! పరిణామం అంటే లక్షల ఏళ్లు కావాలనుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది.

ఇలిషా దారిలోనూ గోడలు లేచాయి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గంగలో ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్లిన ఈ చేపకు 1975లో ఫరక్కా బ్యారేజీ అడ్డమైంది. మన తాపీ నది మీద ముందు కాక్రాపార్ ఆనకట్ట, ఆపైన 1972లో ఉకాయి డ్యామ్ వచ్చాయి. నర్మద మీద భరూచ్ దగ్గర భాడ్‌భూత్ బ్యారేజీ చేపట్టారు. ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా ఆపడం, మంచినీరు నిలవచేయడం దాని ఉద్దేశం. ఆ నీరు అవసరమే. కానీ పాల్వా మీద బతికే అక్కడి జాలర్లు, చేప ఇక పైకి రాదేమోనని భయపడుతున్నారు.

విశేషమేమిటంటే, ఉకాయి డ్యామ్ వెనక ఉన్న వల్లభ్ సాగర్ జలాశయంలోనూ ఇలిషా ఉంది. సముద్రం ముఖం చూడకుండా మంచినీటిలోనే బతుకుతున్న ఈ చేపల మీద కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అధ్యయనం చేశారు. ఆ జలాశయం మన సూరత్‌కు సుమారు వంద కిలోమీటర్లే. అక్కడి చేపనూ భరూచ్ పాల్వానూ పక్కపక్కన పెట్టి పొట్ట అంచు పొలుసులు, రెక్కల ముళ్లు లెక్కపెట్టి, పొడవుకు తగ్గ వెడల్పు కొలిచి చూస్తే, అవి ఇంకా ఒకేలా ఉన్నాయో, వేరుపడడం మొదలైందో తెలుస్తుంది. దానికి కావాల్సినవి ఒక స్కేలు, ఒక భూతద్దం, బోలెడంత ఓపిక.