మేలైన ట్యాంకు ఏది?

"ట్యాంకు" అను మాట మన సీమకు క్రొత్తది కాదు. మనము చెరువు అనుదానిని కన్నడ సోదరులు కెరె అందురు. ఆంగ్లమున వ్రాయబడిన ప్రభుత్వ పత్రములు దానినే ట్యాంకు అనును. మిద్దెపై నీరు నిలుపు తొట్టియు ట్యాంకే. ఈ రెండును గాక మూడవ ట్యాంకు ఒకటి మన పిల్లల చేతులలోని చరవాణులలో తిరుగుచున్నది. ఆ మూడవదానిని గూర్చియే ఈ వ్యాసము.

దీనిని వ్రాయుటకు గల కారణమును ముందు చెప్పవలెను. గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుని వెంటబెట్టుకొని అతని తండ్రి మా యొద్దకు వచ్చెను. టమాటా నారు కొనుటకై దాచిన సొమ్ములో రెండువేల రూపాయలు ఫోనునుండి పోయినవట. "అయ్యవారూ, వీడు ట్యాంకు కొన్నాడంట. మిద్దె మీద పెట్టే నీళ్ల ట్యాంకేమో అనుకుంటిని. ఇల్లంతా వెదికినా ట్యాంకు లేదు!" అని ఆయన వాపోయెను.

బాలుడు తలవంచుకొని నిలిచెను. ఆ ట్యాంకును గూర్చి అతనికి తెలియనిది లేదు. కాని తెలిసినదంతయు ఆంగ్లపు మాటలలోనే యుండెను. తండ్రికి అర్థమగునట్లు ఒక వాక్యమైనను తెలుగున చెప్పలేకపోయెను. ఆ దినమున మమ్ము బాధించినది సొమ్ము కన్న ఈ సంగతియే. తెలుగు బడిలో చదువు బాలుడు తనకు మిక్కిలి ఇష్టమైన విషయమును తన ఇంటి భాషలో చెప్పలేడేని, ఆ లోపము అతనిదొక్కనిదే కాదు, మాదియు. కావున ఆ బాలుని యొద్దనే కొంత నేర్చుకొని, పుస్తకములలో కొంత చదివి, తెలిసినంతవరకు ఇచట వివరించుచున్నాము.

యుద్ధపు ట్యాంకునకు ఆ పేరు వచ్చిన విధము వినదగినది. మొదటి ప్రపంచ యుద్ధమున ఆంగ్లేయులు ఇనుప పలకలతో కప్పి, గొలుసు పట్టాలపై నడచు యంత్రమును రహస్యముగా నిర్మించిరి. శత్రువుల గూఢచారులు పసిగట్టకుండుటకై అవి నీటి తొట్లని నమ్మించిరి. ఆ మారుపేరే నిలిచిపోయెను. 1916 సెప్టెంబరు 15 న ఫ్రాన్సు దేశమున సోమ్ నది ప్రాంతపు పోరులో అవి తొలిసారి ముందుకు నడచినవి. కావున మన బాలుని తండ్రి పడిన పొరపాటు, నూరేండ్ల క్రిందట శత్రువులు పడవలెనని ఆంగ్లేయులు కోరిన పొరపాటే!

ఇక ఆట సంగతి. బెలారస్ దేశపు మిన్‌స్క్ నగరమున 1998 లో స్థాపింపబడిన వార్‌గేమింగ్ సంస్థ, 2010 లో 'వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్' అను ఆటను వెలువరించెను. కంప్యూటరుపై ఆడు ఆ ఆటలో పక్షమునకు 15 మంది చొప్పున పోరాడుదురు. 2014 లో చరవాణికై 'బ్లిట్జ్' అను చిన్న రూపము వచ్చెను. అందు పక్షమునకు ఏడుగురు. 'వార్ థండర్' మొదలగు ఆటలును ఇట్టివే. వీనిలో వందల కొలది ట్యాంకులు గలవు. ఏది ఎన్నుకొనవలెను అనునదే ప్రతి బాలుని ప్రశ్న.

ట్యాంకునకు మూడు గుణములు ప్రధానములు: ఫిరంగి బలము, కవచ బలము, గమన బలము. ఈ మూడును ఒక్కచోట సంపూర్ణముగా నుండవు. పెద్ద ఫిరంగి బరువు. మందమైన కవచము మరింత బరువు. బరువు పెరిగినకొలది నడక తగ్గును. ఒకే ఎద్దుల జతను ఖాళీ బండికి కట్టుటకును, మూటలతో నిండిన బండికి కట్టుటకును గల భేదము మన పిల్లలు ఎరుగనిది కాదు.

దీనికి లెక్క కలదు. యంత్రపు అశ్వశక్తిని టన్నుల బరువుచే భాగించి చూడుడు. 1965 లో జర్మనీ సేనలో చేరిన లెపర్డ్-1 బరువు సుమారు 40 టన్నులు, శక్తి 830 అశ్వములు. అనగా టన్నునకు ఇరువది అశ్వములకు పైగా. రెండవ ప్రపంచ యుద్ధపు తుదిలో జర్మనులు నిర్మించిన మౌస్ బరువు 188 టన్నులు, శక్తి 1200 అశ్వములు. టన్నునకు ఆరున్నర యైనను లేదు. మౌస్ పేరునకు ఎలుక, బరువునకు కొండ. ఏ వంతెనయు దానిని మోయజాలదు గనుక, నదులను నీటి అడుగుననే దాటింపవలెనని తలచిరి. అట్టివి రెండు నమూనాలు మాత్రమే తయారైనవి. ఆటలో ఈ రెండును పదవ మెట్టుననే యున్నవి. మౌస్ దెబ్బలను ఓర్చుకొనును, కాని పోరు తావు మారినప్పుడు అచటికి చేరజాలదు. లెపర్డు ఎచటికైనను చేరగలదు, కాని దెబ్బ తగిలిన ఓర్వలేదు. ఒకటి మేలు, ఒకటి కీడు అనుటకు వీలులేదు.

కవచమును గూర్చి పదవ తరగతివారు శ్రద్ధగా వినవలెను. పలక ఎంత మందము అనునదే కాక, ఎంత వాలుగా నున్నది అనునదియు చూడవలెను. రష్యా వారి టి-34 ముందు పలక 45 మిల్లీమీటర్ల మందమే. కాని అది నిట్టనిలువు నుండి 60 డిగ్రీలు వాలియున్నది. ఎదుటనుండి వచ్చు గుండు దానిని అడ్డముగా చీల్చుకొని పోవలెనన్న, 45 ని కొసైన్ 60 చే భాగింపగా వచ్చు దూరము, అనగా 90 మిల్లీమీటర్లు, దాటవలెను. జర్మనుల టైగర్ ముందు పలక 100 మిల్లీమీటర్లు, దాదాపు నిలువు. బరువు చూడగా టైగర్ టి-34 కు ఇంచుమించు రెండింతలు. త్రికోణమితి ఎందులకు అని మమ్ము అడుగు పిల్లలకు ఇదియొక జవాబు.

ఆటలో ఈ సూత్రమును ఆటగాడే ప్రయోగింపవచ్చును. తన ట్యాంకును శత్రువునకు నేరుగా చూపక, కొంచెము ఓరగా త్రిప్పి నిలిపినచో నిలువు పలకయు వాలుపలక వలె పనిచేయును. గుండు 70 డిగ్రీల వాలున గాని, అంతకు మించి గాని తగిలెనా, కవచమును కోయు సామాన్యపు గుండు జారిపోవును. అయితే గుండు వ్యాసము పలక మందమునకు మూడు రెట్లు మించినచో ఆ జారుట జరుగదు.

ట్యాంకులలో జాతులును కలవు. తేలిక ట్యాంకు వేగు చూచునది. మధ్యమ ట్యాంకు అన్ని పనులకు కొంత కొంత పనికివచ్చునది. భారీ ట్యాంకు ముందు నిలిచి దెబ్బలు కాయునది. ట్యాంకు వేటకాడు పొదల మాటున పొంచి దూరమునుండి కొట్టునది. కంప్యూటరు ఆటలో వెనుకనుండి ఎత్తుగా గుండ్లు విసరు శతఘ్ని అయిదవ జాతి. బ్లిట్జులో అది లేదు. తేలిక ట్యాంకుతో భారీ ట్యాంకు ముందర నిలుచువాడును, భారీ ట్యాంకును పొదలలో దాచి మిత్రులను ముందునకు తోలువాడును, ఇద్దరును తమ పక్షమును ఓడింతురు.

పోరుభూమిని కూడ గమనింపవలెను. మన బాగేపల్లి వైపు రాతి గుట్టలను తలచుకొనుడు. గుట్ట వెనుక నిలిచి, బురుజును మాత్రము శిఖరముపై చూపి కొట్టవలెనన్న, ఫిరంగి మూతి క్రిందికి బాగుగా దిగవలెను. ఆంగ్లేయుల సెంచూరియన్ ఫిరంగి 10 డిగ్రీలు క్రిందికి వంగును. రష్యా వారి ఫిరంగులు సామాన్యముగా అంత వంగవు. కావున మిట్టపల్లముల నేలపై సెంచూరియన్ వంటిది దొర. చదునైన నేలపై పొట్టిగా నుండి కనబడని రష్యా ట్యాంకు నేర్పరి.

ఈ మాటలు ఆటకే పరిమితములు కావని చూపుటకు మన దేశపు ఉదాహరణము ఒకటి. 1965 సెప్టెంబరు 8 నుండి 10 వరకు పంజాబునందలి ఖేమ్‌కరణ్ సమీపమున, అసల్ ఉత్తర్ కడ ఘోర సమరము జరిగెను. పాకిస్థాను వద్ద అమెరికా వారి పాటన్ ట్యాంకులుండెను. నాటికి అవి మేటివి. మన సేనలో సెంచూరియన్లతోబాటు, రెండవ ప్రపంచ యుద్ధపు పాత షెర్మనులును ఉండెను. ఆటలో షెర్మన్ అయిదవ మెట్టున, పాటన్ పదవ మెట్టున నుండును. అవి ఎదురుపడనే పడవు. యుద్ధమున అట్టి న్యాయము లేదు. మనవారు గుర్రపు లాడము ఆకారమున చెరకు తోటలలో పొంచి, పొలములను నీటితో నింపి, పాటన్లను బురదలో దిగబడునట్లు చేసిరి. 97 శత్రు ట్యాంకులు నాశమయ్యెననియో పట్టుబడెననియో భారత సేన లెక్క. కవచమే లేని జీపుపై ఫిరంగి నెక్కించి, పైరు మాటున పోరి, 10 వ తేదీన ప్రాణమర్పించిన అబ్దుల్ హమీదునకు పరమవీర చక్రము లభించెను. మేటి ట్యాంకులు ఓడినవి. వానిని నడపినవారు నేలను చదువలేదు, మనవారు చదివిరి. ఆ ట్యాంకులలో ఇరువైపులను మనుష్యులే యుండిరనియు, వారికి ఆటలోవలె రెండవ ప్రాణము లేదనియు పిల్లలు మరువరాదు.

తెలుగు నేలపైనను ఈ విద్య కలదు. తెలంగాణమున, నేటి సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారమున 1984 లో నెలకొల్పిన కర్మాగారమున 'శరత్' అను పోరు బండ్లు తయారగుచున్నవి. శరత్ బరువు సుమారు 14 టన్నులు. ముగ్గురు నడుపగా ఏడుగురు సైనికులను మోయును. నీటిపై తేలి పోగలదు. తేలవలెను గనుక దాని కవచము పలుచన. అది బలహీనత కాదు. పనికి తగిన ఎంపిక. మద్రాసు చెంత ఆవడిలో తయారగు అర్జున్ ట్యాంకు 58 టన్నులకు పైబడినది, నలుగురు నడుపుదురు. అచటనే తయారగు భీష్మ 46 టన్నులు. గుండును యంత్రమే నింపును గనుక ముగ్గురు చాలును.

క్రొత్తవారికి మా సలహా యిది. మొదట అయిదవ మెట్టు వరకు నిదానముగా ఎక్కుడు. ఆ మెట్టున టి-34, షెర్మన్, కె.వి.-1 అను మూడు మంచి గురువులు. టి-34 వలన నడకను, షెర్మన్ వలన మిట్టల వాడుకను, కె.వి.-1 వలన కవచము నిలుపు విధమును నేర్వవచ్చును. ఒకదానిపై చేయి తిరిగిన పిదప రెండవదానికి పోవలెను. ఇవన్నియు రొక్కము లేకయే ఆటలో సంపాదింపదగినవి.

మన బాలుడు చేసిన తప్పు ఇచటనే యున్నది. అతడు మెట్లెక్కక, సొమ్ము పెట్టి ఎనిమిదవ మెట్టు ట్యాంకును ఒక్కసారిగా కొనెను. "కొన్నాక గెలిచితివా?" అని మేమడిగితిమి. "లేదు సార్, ఇంకా బిరీన పేలిపోతా ఉండాది" అనెను. పేలక యేమగును? ఆ మెట్టున ఎదుటివారు వేలకొలది పోరులలో ఆరితేరినవారు. సొమ్ము ట్యాంకును తెచ్చెను గాని, దానిని నిలుపు తావును చూపలేదు.

తల్లిదండ్రులారా! ఫోను లాగుకొనినంతనే తీరునది కాదిది. చెల్లింపు రహస్య సంఖ్యను పిల్లలకు తెలియనీయకుడు, ఆట కాలమునకు మేర ఏర్పరుపుడు, వారమున కొకసారియైనను ప్రక్కన కూర్చుండి "ఇదేమి, అదెందులకు?" అని అడుగుడు. చెప్పవలసి వచ్చినప్పుడు పిల్లవాడు ఆలోచించును. ఆలోచించినవాడు త్వరపడి కొనడు.

ఆ బాలుడు వేసవి సెలవులలో తండ్రితోబాటు తోటలో కాయలు కోసి, బుట్టలు మోసి, ఆ రెండువేలకు బదులు తీర్చెను. బడి తెరచినపుడు తండ్రి మరల వచ్చెను. మా యెదుటనే కొడుకు ఫిరంగి, కవచము, గమనము అని మూడు వ్రేళ్లు మడిచి తెలుగున వివరించెను. ఆయన అంతయు విని, "అట్లయితే ఇది ఎద్దులు కొన్నట్లే గదా! సంతలో కొమ్ములు చూసి కొంటే పొలంలో ఏడ్వాల. మన నేలకి ఆనేదాన్ని కొనాల" అనెను. మేము ఇన్ని పుటలలో చెప్పినది ఆయన రెండు మాటలలో ముగించెను.

విద్యార్థులారా! మీరెరిగిన మరియొక ఆటనో, యంత్రమునో ఇట్లే మీ యింటివారికి తెలియు తెలుగున వ్రాసి తెండు. రాబోవు సంచికలో దానికి తావు గలదు.