మీకు తెలుసా? చలికి పెగ్గు పనిచేయదు!

మన ఒంట్లో వేడి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది 35 కన్నా దిగితే హైపోథెర్మియా అంటారు. చలికి ‘ఓ పెగ్గు పడితే సరి’ అనేవాళ్లకు లోటు లేదు. తాగగానే ఒళ్లు వెచ్చబడినట్టు అనిపించడం నిజమే. కానీ మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, దాంతో లోపల దాచుకోవాల్సిన వేడి బయటికి పోతుంది. పైగా వణుకును తగ్గిస్తుంది. కండరాలు వేడి పుట్టించేదే వణుకుతో కదా!

కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దడం మామూలు చలికి ఫరవాలేదు. ఒళ్లు బాగా చల్లబడిపోయిన మనిషికి మాత్రం వద్దు. ఆ స్థితిలో కాస్త కుదుపుకే గుండె లయ తప్పొచ్చు. తడిబట్టలు విప్పి, పొడి దుప్పట్లు కప్పి, ముందుగా ఛాతీని, మెడను వెచ్చబరచాలి. స్పృహ ఉంటే తియ్యటి వేడి పాలు తాగించొచ్చు. మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బరువు తక్కువగా పుట్టిన పసికందులకు తల్లి గుండెలే హీటర్. ఇంక్యుబేటర్లు చాలక కొలంబియా రాజధాని బొగోటాలో 1970ల చివర్లో మొదలైన, బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచే ఈ ‘కంగారూ’ పద్ధతిని ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ పాటిస్తున్నారు.

ఒళ్లు మరీ చల్లబడినా బతికి బయటపడ్డవాళ్లున్నారు. 1999లో నార్వేలో స్కీయింగ్ చేస్తూ అనా బోగెన్‌హోల్మ్ అనే స్వీడన్ డాక్టర్ గడ్డకట్టిన వాగులో పడిపోయారు. మంచు కింద 80 నిమిషాలు ఇరుక్కున్న ఆమె ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది, గుండె ఆగిపోయింది. ట్రోమ్సో ఆసుపత్రిలో ఆమె రక్తాన్ని యంత్రంలోకి మళ్లించి, వేడిచేసి తిరిగి ఎక్కించారు. ఆమె కోలుకుని మళ్లీ డాక్టరుగా పనిచేశారు.