చేప మేతను వాసనతో ఎలా పసిగడుతుంది? కుంటలో మందు పంపు ఎందుకు కడగకూడదు?

యాలాల్, తాండూరు చుట్టుపక్కల చెరువుల్లో, కుంటల్లో బొచ్చె, రోహు, మ్రిగాల పిల్లలను వదిలేది వానలు పడ్డాకే. అప్పటికి నీరు బురదబురదగా ఉంటుంది. వేసిన మేత చేప కంటికి సరిగా ఆనదు. అయినా అది మేత ఉన్న చోటికి వస్తుందంటే చాలావరకు ముక్కు పుణ్యమే.

చేప ముక్కుకు ఊపిరితో పని లేదు, దాని పని వాసన ఒక్కటే. మూతి పైన రెండు వైపులా చిన్న గుంతలుంటాయి. ముందు రంధ్రంలోంచి నీరు లోపలికి వెళ్లి వెనక రంధ్రంలోంచి బయటికి వస్తుంది. లోపల పువ్వు రేకుల్లాంటి మడతలు, వాటి మీద వాసన పట్టే నరాల కణాలు ఉంటాయి.

మన ముక్కుకు గాలిలో ఎగిరివచ్చే వాసనలు కావాలి. చేపకు నీటిలో కరిగేవి కావాలి. పల్లి చెక్క, తవుడు నీళ్లలో నానితే వాటిలోంచి అమైనో ఆమ్లాలు కరిగి బయటికి వస్తాయి. మాంసకృత్తులు వీటితోనే తయారవుతాయి. ముక్కు కణాల మీద ఉండే గ్రాహకాలు వీటిని పట్టుకుంటాయి. ఒక్కో రకం గ్రాహకానికి కొన్ని ఆకారాల అణువులే సరిపోతాయి. ఒక వాసన తగిలితే కొన్ని రకాలు స్పందిస్తాయి, కొన్ని ఊరుకుంటాయి. ఏవేవి స్పందించాయన్న లెక్కను బట్టి మెదడు ‘ఇది మేత’ అని తేల్చుకుంటుంది. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో ఎలుకల్లో కనుగొన్న లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. చేపల్లోనూ ఆ కుటుంబానివే ఉన్నాయి. మన దేశపు వాగుల్లో బతికే చిన్న జీబ్రా చేపకే సుమారు 300 రకాల వాసన గ్రాహకాలున్నాయి.

ముక్కు మేతకే కాదు, జత కోసం, అపాయం కోసం కూడా. దెబ్బ తగిలిన చేప చర్మం నుంచి ఒక పదార్థం నీటిలో కలిస్తే తోటి చేపలు బెదిరి పారిపోతాయి. దీన్ని 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ గుర్తించారు. బొచ్చె, రోహు కూడా ఆ జాతి బంధువులే. అందుకే వల లాగిన రోజు మేత సరిగా తినకపోతే కంగారు పడకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది మందుల దగ్గర. ఈ ముక్కు కణాలు నేరుగా నీటికి తగులుతూ ఉంటాయి. లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాముల రాగి అదనంగా కలిసినా సాల్మన్ చేపల వాసన శక్తి గంటల్లోనే తగ్గినట్టు ప్రయోగాల్లో తేలింది. కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో ఉండేది ఈ రాగే. కొన్ని పురుగుమందులూ ఇలాగే వాసనను దెబ్బతీస్తాయి. చేప చావదు కాబట్టి మనకు తెలియదు. మేత మిగిలిపోతుంది, బరువు పెరగదు.

కంది పూత మీద మారుకా పురుగుకు మందు కొట్టే రోజుల్లో పంపు, డబ్బాలు కుంటలో కడగకండి. కడిగిన నీళ్లు కుంటలోకి పారని చోట, గట్టుకు దూరంగా పారబోయండి. వాసన కోసమని అమ్మే పొడులు కొనడం కన్నా ముందు చేయాల్సింది ఇదే.

మేత రోజూ ఒకే వేళకు, ఒకే చోట వేయండి. రంధ్రాలున్న సంచిలో పెట్టి గుంజకు కడితే వాసన నెమ్మదిగా పాకుతుంది, మేత బురదలో కలిసిపోదు. బూజు పట్టిన చెక్క వాడొద్దు. రెండు గంటల తర్వాత సంచి ఎత్తి చూడండి. మిగిలితే మరుసటి రోజు తగ్గించండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ముక్కు సమస్య కాదు, నీటిలో ఆక్సిజన్ తగ్గింది. ఆ రోజు మేత ఆపి కొత్త నీరు పెట్టండి.