కారు దొంగతన నిరోధకాలపై బీమా రాయితీ స్వల్పమే

కురుచికుప్పం (పుదుచ్చేరి): ఇంటి ఆవరణలో చోటు లేక రాత్రివేళ కారును వీధిలోనే నిలపవలసి వచ్చే యజమానికి దొంగతన నిరోధక పరికరం ధైర్యాన్నిస్తుంది. అయితే దానివల్ల బీమా ప్రీమియం గణనీయంగా తగ్గుతుందని ఆశించరాదు.

2002లో అమలులోకి వచ్చిన మోటారు టారిఫ్ ఈ రాయితీని సొంత వాహన నష్టానికి చెల్లించే ప్రీమియంలో 2.5 శాతంగా, గరిష్ఠంగా 500 రూపాయలుగా నిర్ణయించింది. ఆ ప్రీమియం 10,000 రూపాయలైతే ఆదా అయ్యేది 250 రూపాయలే. ఈ లెక్కన 5,000 రూపాయల పరికరం ఖర్చు తిరిగి రావడానికి 20 ఏళ్లు పడుతుంది. తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ ప్రీమియంలో పైసా కూడా తగ్గదు. ఆ పాలసీ ఒక్కటే ఉంటే కారు చోరీకి పరిహారమూ లభించదు.

బజారులో కొన్న ప్రతి అలారానికీ రాయితీ రాదు. పరికరాన్ని పుణేలోని భారత ఆటోమోటివ్ పరిశోధన సంఘం ఆమోదించి ఉండాలని, అమర్చినట్లు ఆటోమొబైల్ సంఘం ధ్రువపత్రం చూపాలని టారిఫ్ నిర్దేశించింది.

2007 జనవరి 1 నుంచి సొంత నష్టం ప్రీమియం రేట్లను నిర్ణయించుకునే స్వేచ్ఛ బీమా సంస్థలకు లభించింది. అయినా పలు సంస్థలు పాత పరిమితినే కొనసాగించాయి. కనుక పాలసీ తీసుకునే ముందే రాయితీ ఎంతో విచారించుకోవడం మేలు.

కారు చోరీ అయితే సాధారణ పాలసీ కింద దక్కేది తరుగుదల పోగా మిగిలిన విలువే. పరికరం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఆ నష్టాన్ని తప్పించడమే.