పొగను దింపిన విద్యుత్తు

కర్మాగారపు గొట్టమునుండి వెలువడు పొగ యందఱికిని వాయువుగానే తోచును గాని, అందు నల్లగనో తెల్లగనో కంటికి గానవచ్చు భాగము వాయువు గాదు. బొగ్గు మండగా మిగిలిన బూడిదరేణువులు, లోహములు కరగునపుడు ఆవిరియై లేచి చల్లారి గట్టిపడిన కణములు, ఆమ్లపు తుంపరలు మిక్కిలి సూక్ష్మములగుటచే వాయుప్రవాహమున దేలుచు, తమ బరువుచే తాము దిగజాలక, ఊళ్లమీదికిని పొలములమీదికిని మనుష్యుల యూపిరితిత్తులలోనికిని పోవుచుండును. భూమ్యాకర్షణము దింపజాలని యీ రేణువులను విద్యుదాకర్షణము దింపగలదని 1824 లోనే లైప్‌జిగ్ నగరమందు హోల్‌ఫెల్డ్ అను నుపాధ్యాయుడు పొగ నింపిన గాజుపాత్రలో విద్యుదావిష్టమైన తీగ నుంచి నిరూపించెను. ఐనను ఆ ప్రయోగము మఱుగున పడిపోయెను. సత్యము తెలియుట వేఱు, దానిని పనిలో బెట్టగల సాధనము చేతికి వచ్చుట వేఱు. పొగలోని రేణువులను విద్యుత్తుచే పట్టు యంత్రము కథ యంతయు నా రెంటి నడిమి దూరమును గూర్చినదే.

ఆ దూరమును దాటుటకు గట్టిగా పూనుకొన్నవాడు లివర్‌పూల్ యూనివర్సిటీ కాలేజీలో భౌతికశాస్త్రాచార్యుడైన ఆలివర్ లాడ్జ్. వేడి వస్తువుల చుట్టును ధూళి లేని సన్నని పొర యేల యేర్పడునో పరిశీలించుచుండగా, ఆ వస్తువునకు విద్యుత్తు నెక్కించినచో పెట్టెలోని పొగ యంతయు త్వరితముగా గోడల కంటుకొనుట ఆతనికి గోచరించెను. 1884లో మాంట్రియల్ నగరమున జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో ధూళిని గూర్చి ఉపన్యసించెను. మరుసటి యేడు ఉత్తర వేల్సులోని బాగిల్ట్ వద్ద సీసపు కర్మాగారమువారు ఆతని పద్ధతిని తమ ధూమముపై ప్రయోగించిరి. ఏలయన సీసపు ధూమము పనివారలకు విషము, యజమానులకు గాలిపాలగు సొమ్ము. ఆ యత్నము ఫలింపలేదు. అచ్చట వాడిన, గాజుచక్రములు త్రిప్పి విద్యుత్తును పుట్టించు విమ్‌షర్స్టు యంత్రము వేలకొలది వోల్టుల నీయగలదు గాని అది యిచ్చు ప్రవాహము అత్యల్పము, తేమగాలిలో నదియు నమ్మరానిది. పైగా సీసపు ధూళి విద్యుత్తును మిక్కిలి నిరోధించును. లాడ్జ్ భావన దోషరహితము. దానిని మోయగల విద్యుత్సాధనములే యింకను పుట్టలేదు.

ఇరువది యేండ్లు గడచునప్పటికి అధిక వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మరులు లోకమున సిద్ధముగా నుండెను. కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయమున భౌతిక రసాయనశాస్త్రము బోధించుచున్న ఫ్రెడరిక్ గార్డ్‌నర్ కాట్రెల్, గంధకికామ్లపు తుంపరలను పట్టుటకు మార్గము వెదకుచు, ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చు ఏకాంతర విద్యుత్తును త్రిప్పుడు స్విచ్చి యొకదానితో ఏకముఖముగా మార్చి, విమ్‌షర్స్టు యంత్ర మీయజాలని నిరంతర ప్రవాహమును సాధించెను. రెండవ చిక్కు తీగలనుండి వాయువులోనికి విద్యుత్తును సమముగా విడుచుట. దానికి సమాధానము చీకటిలో దొరకెను: నూలు చుట్టిన తీగపై, ఆ నూలు నూగు వెంబడి ఊదారంగు కాంతి వ్యాపించుట ఆతని కంటబడెను. లోహపు మొనలకంటె నా నూగుపోగులే మేలుగా విద్యుత్తును వెదజల్లుచుండెను. విజ్ఞానచరిత్రలో నిట్టి యల్పవస్తువు లెన్ని పెద్ద ద్వారములు తెఱచినవో తలచునపుడు నాకు మహాశ్చర్యము గలుగును. 1908 ఆగస్టులో ఆతనికి పేటెంటు లభించెను. సాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు తీరమున సెల్బీ కర్మాగారపు పొగవలన రైతులు వ్యాజ్యములాడుచుండగా నీ యంత్ర మక్కడ నెలకొనెను; పిదప రివర్‌సైడ్ సిమెంటు కర్మాగారపు ధూళి నారింజతోటలపై పడుచుండుటచే నచటను దీనిని స్థాపించిరి. అచ్చట నూగుతీగలకు బదులు సన్నని లోహపు తీగలే చాలునని తేలెను.

నేటికిని దీని నిర్మాణము ప్రాయికముగా నదియే. ఎత్తైన లోహఫలకములు వరుసలుగ నిలువబడి యుండును. వాని నడుమ వ్రేలాడు తీగలకు 40,000 మొదలు 1,00,000 వోల్టుల వఱకు ఋణవిద్యుత్తు నిత్తురు. తీగచుట్టును వాయువు భిన్నమై కరోనా యను ప్రకాశము గలుగును. అందు పుట్టిన ఋణావేశము రేణువుల నాశ్రయింపగా, అవి భూమితో కలిపిన ఫలకములవైపు లాగబడి వానిపై పేరును. సుత్తులు ఫలకములను కొట్టినపుడు ఆ పొర పాతగోడ సున్నము పెచ్చులూడినట్లు రాలి క్రింది తొట్లలో పడును. పొగ నడచు దారిలో మొదటి భాగము నూటికి తొంబది పాళ్లు పట్టినచో, అంతే నిడివిగల రెండవది మిగిలినదానిలో తొంబదిపాళ్లు పట్టును, మూడవది మఱల నట్లే. కావున శేషించిన యా కొంచెమును పట్టుటకే ఫలకముల విస్తీర్ణమును పెంచవలసివచ్చును.

మన దేశపు బొగ్గునకు బూడిద యెక్కువ, గంధకము తక్కువ. గంధకము మండగా గలుగు ట్రైయాక్సైడు బూడిదరేణువుల నంటి వానిని కొంత విద్యుద్వాహకములుగా జేయును. అది చాలనిచో ఫలకముపై పేరిన పొర తన యావేశమును విడువదు, తుదకు ఆ పొరయే పగిలి విరుద్ధావేశమును వెనుకకు జిమ్మి, చేసిన పనిని చెఱచును. బాగిల్ట్ సీసపు ధూళియందు కొంతవఱకున్న స్వభావమే యిది. రామగుండము, ఇబ్రహీంపట్నము మొదలగు విద్యుత్కేంద్రములలో ‘ఇ.ఎస్.పి.’ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్) అని పిలువబడు నీ యంత్రములు బొగ్గుబూడిద గొట్టము చేరకమున్నే పట్టుచున్నవి. ఇట్టి బూడిద సిమెంటునకును ఇటుకలకును పనికివచ్చును. పైన జెప్పిన చిక్కువలన మన బొగ్గునకు ఫలకములు మిక్కిలి విశాలములుగ నుండవలెను. ఆ చిక్కును తగ్గించుటకై కొన్ని తావుల పొగలో అమ్మోనియాను కలుపుటయు గలదు. అయితే రేణువులను పట్టు నీ సాధనము సల్ఫర్ డయాక్సైడు వంటి వాయువులను పట్టజాలదు, వానికి వేఱు యంత్రములు గావలెను. గొట్టముపై పొగ కానరానంత మాత్రాన గాలి నిర్మల మయ్యెనని తలచువారి కీ సంగతి నొక్కి చెప్పవలసి యున్నది.

ఈ యంత్రమువలన కాట్రెల్ ధనవంతుడు కాదలచినచో కాగలిగెడివాడు. ఆతడు తన పేటెంటులను స్మిత్‌సోనియన్ సంస్థ కీయజూపెను. వ్యాపారభారము వహించుట తమకు దగదని వారు తలచినందున, ఆ సంస్థ కార్యదర్శి వాల్కాట్ తోడ్పాటుతో 1912లో రిసర్చ్ కార్పొరేషన్ అను సంస్థ వెలసి, ఆ పేటెంటుల యాదాయము నంతయు శాస్త్రపరిశోధనలకే వినియోగించెను. రాబర్ట్ గాడర్డ్ రాకెట్లును, బర్కిలీలో ఎర్నెస్ట్ లారెన్స్ నిర్మించిన సైక్లోట్రానును ఆ ధనసహాయము పొందినవే.